అర వాక్యంలో చచ్చిపోయినవాడు

అర వాక్యం. పూర్తి వాక్యమైనా కాదు. ఆ రచయిత్రి మూడు లావుపాటి పుస్తకాలు చదివించి, ఆఖరి పుస్తకం ఆఖరి పేజీలో, అదీ కిటికీలోంచి సముద్రం ఎంత బాగా కనిపిస్తోందో చెప్పడానికి మొదలుపెట్టిన వాక్యం మధ్యలో, పోనీలే పాపం అని అర వాక్యం పడేసి ఆ పిల్లాణ్ణి చంపేసింది. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాను. మళ్ళీ తెరిచాను. నేనే తప్పు చదివానేమో, మధ్యలో రెండు పేజీలు అంటుకుపోయాయేమో అని గోటితో విడదీసి చూశాను. ఏమీ అంటుకోలేదు. సముద్రం మీదికి వెళ్ళి చనిపోయిన జోరెన్ లాంటివాళ్ళ తర్వాత కూడా ఆ ఉదయం ఎంతో అందంగా ఉంది, అని రాసింది. అందంగా ఉందట. ఆ 'కూడా' అనే ముక్క రాసేటప్పుడు చెయ్యి ఎలా ఆడిందో. ఈ కళ్ళాసుపత్రి వరండాలో, ఈ ఇనప కుర్చీలో కూర్చుని నాకు గట్టిగా అరవాలని ఉంది, కానీ చుట్టూ ఒక కంటికి కట్టుతో ముసలివాళ్ళు, ఎదురు గోడ మీద తలుపంత కన్ను బొమ్మ, దాని పక్కన నిశ్శబ్దం పాటించండి అని బోర్డు. ఆ పక్క తలుపు వెనక మా అమ్మమ్మ గంగాలమ్మకి కుడికన్ను శుక్లం తీస్తున్నారు. బయటికి వచ్చీ రాగానే ఆవిడ అడిగేది కన్ను గురించి కాదు. లోపలికి వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, నర్సు చెయ్యి విదిలించుకుని మరీ చెప్పింది. "నానొచ్చే లోపు పుస్తకం అవగొట్టీ. కట్టు కట్టేక కళ్ళు మూసుకుని ఇంటాను. జోగులొచ్చేడో లేదో సెప్పాల నువ్వు."

జోగులంటే జోరెన్. పుస్తకంలో జోరెన్, మా అమ్మమ్మ నోట్లో పడ్డాక జోగులు. ఆవిడకి చదువు రాదు, ఇంగ్లీషు అసలే రాదు, ఈ 'ఉప్పుగోడ' పుస్తకాలు మూడూ ఇంగ్లీషులోనే ఉన్నాయి. రుషికొండ మీద మా ఆఫీసులో హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చునే పిల్లలందరూ భోజనాల దగ్గర వీటి గురించే మాట్లాడుకునేవారు. గాజువాక నుంచి వచ్చే సూర్యకళ మొదటి భాగం తెచ్చి నా చేతిలో పెట్టి, ఇది చదివితేనే నాతో మాట్లాడు అంది. భీమిలి బస్సులో తెరిచాను, మా పేట స్టాపు దాటిపోయి ఊళ్ళోకి వెళ్ళిపోయాను. వెనక్కి నడిచి ఇంటికి వచ్చేసరికి అమ్మమ్మ ఇసకలో ఆరబెట్టిన నెత్తళ్ళ చేపలు ఏరి బుట్టలోకి ఎత్తుతోంది. ఇంతసేపు ఎక్కడున్నావే అని తిట్టబోతే, తప్పించుకోవడానికి కథ ఎత్తుకున్నాను. అలా మొదలయింది. ఇక రోజూ ఆఫీసు నుంచి రావడం, ఆవిడ పక్కన కూర్చోవడం, ఆ రోజు బస్సులో చదివిందంతా తెలుగులో చెప్పడం. మర్నాడు పొద్దున్న ఆవిడ చేపల బుట్ట ముందు కూర్చుని ఆ కథే పక్కనున్న ఆడవాళ్ళకి చెప్పేది. ఒకరోజు నేను పనుండి అటు వెళ్తే ఎవరో ముసలమ్మ వంజరం ముక్కలు కోస్తూ కోస్తూ కత్తి ఆపి, ఆ కేలమ్మ గోడ దాటిందేటే అని నన్ను అడిగింది. కథానాయిక పేరు కెల్డా, కేలమ్మ అయింది. మా సూర్యకళకి చెబితే నవ్వి నవ్వి నీళ్ళు తాగింది. నాకు మాత్రం గర్వంగా ఉండేది, ఆ రచయిత్రి కలలో కూడా ఊహించని చోట ఆవిడ కథ వింటున్నారు కదా అని. ఇప్పుడు ఆ గర్వమే ఒళ్ళంతా కారం రాసినట్టు మండుతోంది.

అసలు మొదటి భాగంలోనే నాకు అనుమానం రావాల్సింది. సముద్రం పొంగి ఊళ్ళన్నీ మింగేసిందట, మిగిలిన ఒక్క నగరం చుట్టూ గోడ కట్టుకున్నారట, లోపలివాళ్ళు తెల్లబట్టలు వేసుకుని చల్లగా బతుకుతారట, గోడ బయట ఒడ్డున ఉన్నవాళ్ళు సముద్రంలో మునిగి చేపలు పట్టి లోపలికి పంపిస్తే బదులుగా తాగే నీళ్ళు వదులుతారట. చదువుతుంటే ఒళ్ళు పులకరించింది, అబద్ధం ఎందుకు, మావాళ్ళ గురించి ఎవరో ఇంగ్లీషులో రాశారనుకున్నాను. కానీ ఆ కెల్డా ఉందే, పదహారేళ్ళ పిల్ల, పొద్దస్తమానం ఉప్పునీళ్ళలో మునుగుతుంది, అయినా జుట్టు భుజాల మీద పట్టులా జారుతూనే ఉంటుంది. ఎలా జారుతుంది? ఉప్పునీళ్ళకి జుట్టు ఏమవుతుందో ఆ రచయిత్రికి చెప్పే దిక్కే లేదా? చేపలు పట్టేవాళ్ళ కథ, మూడు పుస్తకాలు, ఒక్కచోట చేప వాసన లేదు! నేను రెండుసార్లు సబ్బు రుద్దుకుని, సెంటు కొట్టుకుని ఆఫీసుకి వెళ్తాను, అయినా చేరిన కొత్తలో పక్క కుర్చీ అమ్మాయి ముక్కు ముడుచుకుని ఏసీ వైపు చూసింది. కెల్డా గోడ లోపలికి దొంగతనంగా వెళ్ళి వాళ్ళ విందులో డాన్సు చేస్తే ఎవరి ముక్కూ ముడుచుకోదు. పైగా ఆ తెల్లచొక్కావాడు, నాయకుడి కొడుకు, ఆవిడ మెడ దగ్గర మొహం పెట్టి నీ దగ్గర సముద్రపు గాలి వాసన వస్తోంది అంటాడు. సముద్రపు గాలి! అది చెప్పినప్పుడు అమ్మమ్మ నెత్తళ్ళు ఏరడం ఆపకుండానే అంది, "ఆడికి జలుబు సేసుంటాదిలే." అప్పుడు నవ్వేశాను. నవ్వడం కాదు, అప్పుడే పుస్తకం తీసుకెళ్ళి సూర్యకళ మొహాన కొట్టాల్సింది.

ఇంకొకటి. కెల్డాకీ జోరెన్‌కీ ఒక తల్లి ఉంది. గోడ బయట గుడిసెలో వల కుడుతూ కూర్చుంటుంది, పిల్లలు వచ్చినప్పుడు చారు పోస్తుంది, వెళ్ళినప్పుడు తలుపు దగ్గర నిలబడుతుంది. ఆవిడకి పేరు లేదు. తెల్లచొక్కావాడి గుర్రానికి పేరుంది, వాడి గుర్రాన్ని తోమేవాడికి పేరుంది, ఒకే ఒక్క పేజీలో వచ్చి కాల్చి చంపబడే సిపాయికి కూడా ఇంటిపేరుతో సహా పేరుంది. తల్లికి లేదు. మూడు పుస్తకాలూ అమ్మ, అమ్మ, అమ్మ. అమ్మమ్మ మొదటి వారమే అడిగింది, "ఆళ్ళమ్మ పేరేటి?" అని. తెలీదు, రాయలేదు అన్నాను. "పేరు నేకుండా ఎలగుంటాది మనిసి?" అని నా మీదే కసురుకుని, తనే పోతమ్మ అని పెట్టేసింది. అక్కణ్ణుంచి ఆ రచయిత్రి రాయని సంగతులు కూడా మా ఇంట్లో జరుగుతూ వచ్చాయి. పోతమ్మ వల ఏ దారంతో కుడుతోంది, పోతమ్మ తిందా లేదా, పోతమ్మకి మోకాళ్ళ నొప్పులు ఉన్నాయా. ఉన్నాయని నేనే చెప్పాను. ఉండవా మరి?

మూడో భాగం సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. మొన్న సూర్యకళ అది తెచ్చి ఇస్తే రెండు చేతులా అందుకున్నాను. సగం పుస్తకం తెల్లచొక్కావాడా, ఒడ్డున పడవలు కట్టే కుర్రాడా, ఎవరిని ప్రేమించాలి అని ఆ పిల్ల అటూ ఇటూ ఊగడమే. గోడ దగ్గర జనం దాహంతో పడిపోతుంటే ఈవిడ ఒకడి కళ్ళు నీలంగా ఉన్నాయి, ఇంకొకడి చేతులు గరుకుగా ఉన్నాయి అని ఆలోచిస్తూ ఉంటుంది. అది కూడా ఓర్చుకున్నాను. తర్వాత తెలుస్తుంది, కెల్డా అసలు ఒడ్డు పిల్లే కాదట! లోపలి పెద్దింటి కూతురట, పసికందుగా ఉన్నప్పుడు ఎవరో బయట వదిలేశారట. అంటే ఏమిటి? తిరగబడే ధైర్యం ఒడ్డువాళ్ళకి వాళ్ళంతట వాళ్ళకి రాదు, లోపలి రక్తం ఉంటేనే వస్తుంది, అంతేనా? కోపం వచ్చి ఆ పేజీ దగ్గర బస్సులో పుస్తకం మూసేస్తే కండక్టరు దిగుతావా అమ్మా అని అడిగాడు. సరే, చివరికి గోడ తలుపులు తెరుస్తారు. ఒడ్డున గుడిసెలన్నీ తీసేస్తారు. అందరికీ లోపల కిటికీ ఉన్న గదులు ఇస్తారు, అందరూ చప్పట్లు కొడతారు. ఆ గదులు మాకు కావాలని ఎవరు అడిగారు? మా పేట పక్కన ఇసకలో గొడుగులు పాతి కాఫీ అమ్మే హోటలువాళ్ళు ఒకసారి వచ్చి, మీ పడవలు కొంచెం అవతలకి లాక్కోండి, ఫొటోల్లో పడుతున్నాయి అన్నారు. వాళ్ళ చేత రాయిస్తే ఇలాంటి ముగింపే రాస్తారు. పోతమ్మకి కూడా గది ఇచ్చారు. గదిలో కూర్చుని చిరునవ్వు నవ్విందట. కొడుకు సముద్రం మీద ఉంటే కిటికీ దగ్గర కూర్చుని చిరునవ్వు నవ్వే తల్లిని ఆ రచయిత్రి ఎక్కడ చూసింది? మా అమ్మమ్మని చూపిస్తాను రమ్మనండి.

మా సింహాద్రి మావయ్య, అమ్మమ్మ కొడుకు, నేను ఎనిమిదో తరగతి చదువుతుండగా వేటకి వెళ్ళాడు. సముద్రం మీద చేపలకి వెళ్ళడాన్ని మావాళ్ళు వేట అంటారు. గాలి మారింది. మిగతా పడవలు వచ్చేశాయి. మావయ్య పడవ కొన్నాళ్ళకి ఎక్కడో దక్షిణాన బోర్లా తేలింది, మనిషి తేలలేదు. శవం చూడకుండా మా ఇంట్లో పోయాడన్న మాట అనరు. పడవ దొరికిన రోజు మా తాత, అప్పటికింకా ఉన్నాడు, గుమ్మంలో నిలబడి, నా కొడుకు వేట మీద ఉన్నాడు, ఎవరడిగినా అదే చెప్పండి అన్నాడు. అదే చెబుతున్నాం. మావయ్య భార్య నూకాలత్త చేతికి గాజులు ఉన్నాయి, నుదుటిన బొట్టు ఉంది, పండక్కి మావయ్యకి కూడా చొక్కాగుడ్డ కొంటుంది. ఇంటికి కొత్తవాళ్ళు వచ్చి మీ అబ్బాయి ఎక్కడ ఉంటాడమ్మా అంటే అమ్మమ్మ తల ఎత్తకుండా "వేట మీదున్నాడు" అంటుంది, మేము వెంటనే కాఫీ తాగుతారా అంటాం. నాకు అదేమీ వింతగా ఉండేది కాదు. నాలిక మీద అలా కూర్చుండిపోయింది ఆ మాట. అందుకే రెండో భాగం చివర ఆ జోరెన్, కెల్డా అన్న, గోడవాళ్ళు హద్దుగా కట్టిన ఎర్ర డ్రమ్ముల వరస దాటి, అవతల వేరే నేల ఏదైనా ఉందేమో చూసి వస్తానని ఒక్కడే పడవ తోసుకుని వెళ్ళిపోయినప్పుడు, అతను ఏమయ్యాడో ఎవరికీ తెలియలేదు అని పుస్తకంలో ఉంటే, నేను ఆ ముక్క తెలుగులో చెప్పబోయి, ఆలోచించనే లేదు, "వేట మీదున్నాడమ్మమ్మా" అనేశాను. అమ్మమ్మ చేతిలో నెత్తళ్ళు బుట్టలో పడలేదు, ఇసకలోనే పడ్డాయి. ఆ రోజు నుంచి ఆవిడకి గోడ అక్కర్లేదు, కేలమ్మ అక్కర్లేదు, తెల్లచొక్కావాడు చస్తే ఏం బతికితే ఏం. బస్సు దిగి నేను చెప్పులు విప్పకముందే ఒకటే ప్రశ్న, జోగులొచ్చేడా? రాలేదమ్మమ్మా, ఇంకా రాలేదు. సూర్యకళ మూడో భాగం తెచ్చేవరకూ నెలల తరబడి అదే ప్రశ్న, అదే జవాబు. కంటికి ఆపరేషను చేయించుకోమని ఏడాదిగా బతిమాలితే విననిది, ఆఖరి పుస్తకం వచ్చిందని తెలిశాక సరే పదండి అంది.

కోపం నాకు అందుకు. కథ నచ్చలేదని కాదు, నచ్చని కథలు బోలెడు చదివాను. ఒక మనిషిని నడిసముద్రంలో వదిలేసి, ఒక తల్లిని గుమ్మంలో నిలబెట్టి, ఆ తర్వాత నాలుగువందల పేజీలు నీలం కళ్ళ గురించి రాసి, చివర్లో గుర్తొచ్చి అర వాక్యం. ఎలా పోయాడో చెప్పదు. ఎవరు చూశారో చెప్పదు. ఆ కబురు పోతమ్మకి ఎవరు తీసుకెళ్ళారో, ఆవిడ కింద పడిందో, గోడకి తల బాదుకుందో చెప్పదు. చెప్పాలంటే కష్టం కదా, అందమైన ఉదయం పాడైపోతుంది కదా. ఫోను ఒకసారి వణికింది. సూర్యకళ. అయిపోయిందా, ఎలా ఉంది, ఆ ఆఖరి డాన్సు దగ్గర నేను వెక్కి వెక్కి ఏడ్చాను తెలుసా, అని పెట్టి పక్కన గుండె బొమ్మలు. జోరెన్ సంగతి చదివావా అని పెట్టాను. జోరెన్ ఎవరూ, అని వచ్చింది. తర్వాత మళ్ళీ, ఓ, వాళ్ళన్నా, వాడు సైడు క్యారెక్టరు కదే, అని. సైడు క్యారెక్టరు. మీ నాన్న స్టీలు ప్లాంటు నుంచి డ్యూటీ దిగి రావడం ఆలస్యమయితే మీ అమ్మ వీధి గుమ్మంలోంచి కదలదని నువ్వే చెప్పావు కదా, ఆవిడ కూడా సైడు క్యారెక్టరేనా, అని టైపు చేశాను. చెరిపేశాను. సూర్యకళ మంచిది, ఆఫీసులో నా టిఫిను డబ్బాలోంచి చేపల పులుసు తీసుకుని తినే ఒక్క మనిషి అదే. దాని మీద అరిచి ఏం లాభం. అరవాల్సిన మనిషి ఎక్కడో, ఏ కిటికీ దగ్గరో కూర్చుని ఇంకో పుస్తకం రాస్తూ ఉంటుంది.

మందుల షాపుకి వెళ్ళిన అమ్మ చుక్కల మందు సంచితో వచ్చింది. పక్కన కూర్చుని కొంగుతో మెడ తుడుచుకుంది. ఒళ్ళో మూసి ఉన్న పుస్తకం చూసి, "అయిపోయిందేటి?" అంది.

"అయిపోయింది."

"ఏటయ్యేడు ఆడు?"

మా అమ్మ దేవి ఈ కథ ఒక్క రోజూ కూర్చుని వినలేదు. వంటగదిలోంచి మాత్రం అంతా వినేది, నాకు తెలుసు, ఆ సమయానికి గిన్నెల చప్పుడు ఆగిపోయేది. చెప్పాను. పేజీ తీసి ఆ అర వాక్యం మీద వేలు కూడా పెట్టి చూపించాను. అమ్మ పుస్తకం వైపు చూడలేదు, మూసిన తలుపు వైపు చూసింది.

"సెప్పకు. ఒచ్చీసేడని సెప్పు. గెడ్డం పెరిగిపోయి ఒచ్చేడని సెప్పు, ఎలగో ఒకలగ ఒచ్చేడని సెప్పు. పుస్తకం రాసీవోళ్ళకేటి, ఆళ్ళేదైనా రాస్తారు. అమ్మ తట్టుకోలేదే ఆశా. ఇన్నేళ్ళు కాసుకొచ్చేం."

ఇదిగో, ఇదీ ఆ రచయిత్రి చేసిన పని. నా చేత అబద్ధం ఆడిస్తోంది. మా అమ్మ చేత నన్ను బతిమాలిస్తోంది. సరే, ఆడతాను, ఆవిడ రాయలేనిది నేను రాస్తాను. జోగులు వస్తాడు. గోడ తలుపులు తెరిచిన రోజున కాదు, అంతకు ముందే, ఎవరూ చప్పట్లు కొట్టని మామూలు రోజున, పొద్దున్నే. ఒడ్డున పోతమ్మ ఒక్కతే ఉంటుంది. ముందు దూరంగా నల్లగా చుక్కలా కనిపిస్తాడు, ఆవిడ కళ్ళు సరిగా కనబడక డ్రమ్ము కొట్టుకొస్తోంది అనుకుంటుంది. పడవ ఇసకని ఒరుసుకున్న చప్పుడు వింటుంది. వాడు దిగుతాడు, చిక్కిపోయి, పెదవులు పగిలి, జుట్టు పట్టులా కాదు, అట్ట కట్టి. అమ్మా అన్నం పెట్టు అంటాడు. మా మావయ్య అలాగే అనేవాడు, కాళ్ళు, మొహం, ఏదీ కడుక్కోకుండా, వల భుజం మీద ఉండగానే. ఆవిడ ఏడవదు, ముందు తిడుతుంది, ఇన్నాళ్ళు ఎక్కడ చచ్చావురా అని తిడుతుంది, తర్వాత చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి పీట వేస్తుంది. ఎంత బాగా వచ్చింది చూడండి, ఒక్క కుర్చీలో కూర్చుని, కాగితం కలం లేకుండా. ఇంత మాత్రం చేతకాలేదా ఆ రచయిత్రికి? ఒక్క పేజీ ఖర్చు, ఒక్క పడవ, ఒక్క పీట. తన సొమ్మేం పోయింది?

తలుపు తెరుచుకుంది. నర్సు చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తుంటే ఆకుపచ్చ గౌనులో అమ్మమ్మ బయటికి వచ్చింది, కుడికంటి మీద తెల్లటి డిప్ప, దాని చుట్టూ అతుకుల టేపు. రెండో కన్ను ఎటూ అంతంత మాత్రమే, అది కూడా మూసుకునే ఉంది. మేమిద్దరం చెరో పక్క పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాం. నర్సు గడగడా చెప్పుకుంటూ పోయింది, కన్ను నలపకూడదు, తల వంచకూడదు, తలకి నీళ్ళు పోసుకోకూడదు, గట్టిగా తుమ్మకూడదు, ఏడవకూడదు, రేపు పొద్దున్న తీసుకొస్తే కట్టు విప్పుతాం. అమ్మ ప్రతిదానికీ తల ఊపి, ఏడవకూడదు అన్నప్పుడు మాత్రం నా వైపు చూసింది. నర్సు వెళ్ళిపోయింది. నొప్పిగా ఉందా అని అడిగాను. అమ్మమ్మ చెయ్యి తడుముకుంటూ వచ్చి నా మోకాలి మీద ఆగింది.

"జోగులొచ్చేడా?"

"వచ్చేడమ్మమ్మా."

"సెప్పు."

చెప్పాను. పొద్దున్నే అన్నాను, డ్రమ్ము అనుకుందన్నాను, పడవ ఒరుసుకుందన్నాను, అమ్మా అన్నం పెట్టు అన్నాడన్నాను. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. తిట్టి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి పీట వేసిందన్నాను. అమ్మమ్మ ఒక్కసారి కూడా అడ్డు రాకుండా అంతా వింది. విన్నాక మోకాలి మీద చెయ్యి ఒకసారి తట్టింది.

"బాగుందే. మీయమ్మ సెప్పమందా?"

"ఏటమ్మమ్మా?"

"నువ్వు పుస్తకంలోది సెప్పీటప్పుడు మద్దిమద్దిన ఆగుతావు. ఆ మాటకి మన మాటేటా అని ఎతుక్కుంటావు. ఇప్పుడొక్కకాడా ఆగలేదు. ఆవిడేటి రాసిందో అది సెప్పు."

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ వద్దు వద్దని తల ఊపుతోంది. నాకు అప్పుడు కూడా కోపంగానే ఉంది, కానీ ఎవరి మీదో తెలియడం లేదు. పుస్తకం ఇంకా నా ఒళ్ళోనే ఉంది. తెరవలేదు. ఆ అర వాక్యం చూసి చదవాల్సినంత పొడుగు లేదు.

"సముద్రం మీదికెల్లి..." అన్నాను. ఆగాను. మన మాట ఏమిటా అని వెతుక్కున్నాను. "సచ్చిపోయేడమ్మమ్మా."

"ఆశా!" అంది అమ్మ.

నా మోకాలి మీద అమ్మమ్మ వేళ్ళు బిగుసుకున్నాయి. ఎదుటి వరసలో ముసలాయన కట్టు లేని కన్నుతో మా వైపు చూస్తున్నాడు. అమ్మమ్మ అడిగింది, "ఇంకేటి రాసింది?"

"ఇంకేమీ రాయలేదు. అంతే."

"ఆళ్ళమ్మేడిసిందా?"

"అది రాయలేదు."

"రాయకపోతే ఏడవదేటి," అంది. గొంతు మామూలుగానే ఉంది. "ఆవిడెవలో, ఏ ఊరో, నా మొకం కూడా సూణ్ణేదు. ఆవిడైనా అరముక్క సెప్పింది. మీరెవలూ సెప్పలేదు నాకు. మీ తాత సెప్పలేదు. దేవీ, నువ్వూ సెప్పలేదు. నూకాలు నా కాసి సూత్తాది, నాను నూకాలు కాసి సూత్తాను. సింహాద్రి సచ్చిపోయేడే అని ఒక్కలొచ్చి సెప్తారేమోనని నాను కూకున్నాను. ఎవలూ సెప్పకపోతే నాను మొదలెట్టకూడదు గదా. తల్లిని గదా, ఆ మాట నా నోట్లోంచి ముందు రాకూడదు గదా."

అమ్మ కుర్చీలోంచి జారి నేల మీద కూర్చుండిపోయింది, అమ్మమ్మ మోకాళ్ళు పట్టుకుని. అన్నియ్య సచ్చిపోయేడమ్మా అంది. ఆ మాట అమ్మ నోట నేను ఎప్పుడూ వినలేదు. మా అందరికంటే ముందు అమ్మకే ఏడుపు వచ్చింది, ఆ నిశ్శబ్దం బోర్డు కిందే బావురుమంది. నేనేం చేయాలో తెలియక అమ్మమ్మ డిప్ప వైపే చూస్తున్నాను, టేపు తడుస్తుందేమోనని. "అమ్మమ్మా నువ్వేడవకు, ఏడవకూడదన్నారు" అన్నాను.

"ఏడవన్లే," అంది అమ్మమ్మ, అమ్మ తల మీద చెయ్యి వేసి. "రేపు కట్టిప్పుతారు గదా. నూకాల్ని గూడా రమ్మను. అప్పుడేడుత్తాం."